ఉండ కట్టిన బలం

అందరికీ నమస్కారం. బల్ల మీదున్న ఈ సీసాలోని నల్లపొడి కార్బన్ నానోట్యూబులు, అంటే కార్బన్‌తో ఏర్పడిన అతిసన్నటి గొట్టాలు. చూడ్డానికి దీపం మసిలా ఉంటుంది. చాలా ఏళ్ల కిందట నేను మొదటిసారి దీన్ని ఎపాక్సీ రెసిన్‌లో, అంటే గట్టిపడే జిగురులాంటి ప్లాస్టిక్‌లో కలిపి చిన్న పట్టీలు పోశాను. మిషన్‌లో పెట్టి లాగితే, ఏమీ కలపని ఎపాక్సీ కంటే ముందే విరిగిపోయాయి. విరిగిన చోట భూతద్దంతో చూస్తే ఒక నల్లటి ఉండ కనిపించింది. దాని లోపలికి రెసిన్ దిగనే లేదు. బలం కోసం వేసిందే పగులుకు దారి చూపింది.

ఆ పొడి మీద నా నమ్మకం ఊరికే పుట్టింది కాదు. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా ఈ గొట్టాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూపించాక లోకమంతా వీటి వైపు తిరిగింది. (1952లోనే సోవియట్ శాస్త్రవేత్తలు ఇలాంటివాటి ఫోటోలు అచ్చువేశారు. అది రష్యన్‌లో ఉండటంతో చాలామందికి చేరలేదు.) 1994లో శాస్త్రవేత్త అజయన్ బృందం వీటిని ఎపాక్సీలో కలిపింది. గొట్టం బిగువు, అంటే లాగితే సాగకుండా నిలిచే గుణం, సుమారు 1000 గిగాపాస్కల్స్. ఉక్కుది 200, ఎపాక్సీది 3. మరి ఎవరికి ఆశ పుట్టదు?

లెక్క చూద్దాం. ఘనపరిమాణంలో 1 శాతం గొట్టాలు, అన్నీ లాగే దిశలోనే ఉంటే, ఎపాక్సీ బిగువు 3 కాస్తా 13 దాకా పోవాలి, అంటే 10 పెరగాలి. కానీ గొట్టాలు నలుదిక్కులా పడి ఉంటాయి కాబట్టి ఆ పెరుగుదలలో ఐదో వంతే, అంటే 2 దక్కుతుంది; మొత్తం 5. ఉండలు కట్టడం, పట్టు జారడం కలిస్తే అదీ రాదు.

ఇవి ఉండలెందుకు కడతాయి? ఒక్కో గొట్టం కొన్ని నానోమీటర్ల లావు, అంతకు వెయ్యి రెట్ల పొడవు. పక్కపక్కన చేరితే చిక్కుపడిన జుట్టులా అతుక్కుంటాయి. అల్ట్రాసౌండ్‌తోనో, మూడు రోలర్ల మిల్లులో నలిపో విడదీస్తాం. ఎక్కువసేపు చేస్తే గొట్టాలే ముక్కలవుతాయి, తక్కువ చేస్తే ఉండలు మిగులుతాయి. ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది.

విడదీశాక పట్టు సమస్య. గొట్టం గోడ నున్నన, రెసిన్‌ను పట్టుకోదు. ఆమ్లంలో వేసి గోడ మీద కార్బాక్సిల్ గుంపులు, అంటే రెసిన్‌ను పట్టుకునే కొక్కేల్లాంటి చిన్న అణు సమూహాలు మొలిపిస్తే పట్టు వస్తుంది. కానీ ఆమ్లం గోడను తినేస్తుంది, గొట్టం బలం కొంత పోతుంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన బహుళ గోడల గొట్టాల్లో ఇంకో తంటా ఉంది. పై గోడ తెగితే లోపలివి ఒరలోంచి కత్తిలా జారిపోతాయి.

ఇక వేడి. 'వేడిని తట్టుకుంటుంది' అనే మాటలో మూడు ప్రశ్నలు దాగున్నాయి. ఏ వేడికి మెత్తబడుతుంది? ఏ వేడికి విచ్ఛిన్నమవుతుంది? వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుంది? మొదటి రెండింటిలో మెరుగు కనిపించవచ్చు, కానీ అది ప్లాస్టిక్‌ను బట్టి, కలిపిన తీరును బట్టి మారుతుంది. మూడోదానిలోనే నాకు పెద్ద ఆశాభంగం. ఒక్క గొట్టాన్ని విడిగా కొలిస్తే ఉష్ణవాహకత 3000 వాట్స్ పర్ మీటర్ కెల్విన్ దాకా వచ్చింది. ప్లాస్టిక్‌ది 0.2 దగ్గర. రెండూ కలిపితే ఒకటికి చేరడమే కష్టం. వేడి అణువుల కంపనంగా ప్రయాణిస్తుంది. గొట్టం గోడ నుంచి రెసిన్‌లోకి, మళ్లీ పక్క గొట్టంలోకి మారే ప్రతి చోటా దానికి అడ్డు తగులుతుంది. విద్యుత్తుకు ఆ బాధ అంతగా లేదు, సన్నటి సందులు దూకేస్తుంది. అందుకే ఎపాక్సీలో 0.1 శాతం కలిపినా కరెంటు నడవవచ్చు.

మంటలో మాత్రం ఇవి బాగా పనికొస్తాయి. ప్లాస్టిక్ కాలుతుంటే గొట్టాలన్నీ వలలా మిగిలి పైన పొరలా నిలుస్తాయి. ఆ పొర కింది ప్లాస్టిక్‌కు వేడిని అడ్డుకుంటుంది కాబట్టి మంట నెమ్మదిస్తుంది. అయితే ఆ పొరకు పగుళ్లు వస్తే ప్రయోజనం తగ్గిపోతుంది. అక్కడా ఉండల గొడవే.

ఫ్యాక్టరీలు చాలావరకు ఈ పొడిని నేరుగా ముట్టుకోవు. ముందే ఎక్కువ మోతాదులో కలిపి చేసిన గుళికలు, అంటే మాస్టర్‌బ్యాచ్ కొని ప్లాస్టిక్‌ను కరిగించి బయటికి తోసే ఎక్స్‌ట్రూడర్ యంత్రంలో వేస్తాయి. సౌకర్యం ఒకటే కాదు కారణం. 2008లో పొడవాటి, బిరుసైన గొట్టాలు చిట్టెలుకల పొట్ట లోపలి పొరలో, ప్రమాదకరమైన ఆస్బెస్టాస్ నార కలిగించేలాంటి వాపు కలిగించాయని తేలింది. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక రకం గొట్టాన్ని 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి' అనే జాబితాలో పెట్టింది. ప్లాస్టిక్‌లో గట్టిగా బిగుసుకున్న గొట్టం వేరు, గాల్లో తేలే పొడి వేరు. ఇందాకటి నుంచి ఈ సీసా మూత తీయకుండా మాట్లాడుతున్నది అందుకే.