సూట్‌కేసుల కాటాకు తేజస్

నమస్కారం అండీ. శనివారం ఉదయం, డాలస్ శివారులో మా గరాజు. నా చేతిలో ఉన్నది ఇండియా ప్రయాణాలప్పుడు సూట్‌కేసులు తూచుకునే కాటా. 23 కిలోలు దాటితే ఆవకాయ సీసా తీయాలా, చీరలు తీయాలా అని మనమంతా దీని ముందు తర్జనభర్జన పడ్డవాళ్లమే. ఈ రోజు దీనికి వేలాడుతున్నది తేజస్. మన యుద్ధ విమానానికి రిమోట్‌తో ఎగిరే ఆరో వంతు నమూనా, పొడవు 2.2 మీటర్లు, రెక్కల వెడల్పు 1.37 మీటర్లు. అసలు విమానం 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరినప్పుడు నేను కాకినాడలో చదువుకుంటున్నాను. అప్పటికి దానికి ఆ పేరు కూడా లేదు. పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి దాచుకున్నాను.

చూడండి, ఇంధనం లేకుండా 10 కిలోల 40 గ్రాములు. ఈ అంకె కోసం పద్నాలుగు నెలలు కూర్చున్నాను.

అందరూ ముందు అడిగేది ఇంజిన్ ఎంత బలమైనదని. నా మొదటి డెల్టాకు, అంటే తేజస్‌లా త్రికోణపు రెక్క ఉన్న విమానానికి, నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. 10 కిలోలు అనుకున్నది 12 అయింది. ఇక్కడ ఇంకో పొర ఫైబర్‌గ్లాసు గుడ్డ, అక్కడ రెండో పూత రంగు, లోపల కాస్త మందపాటి ప్లైవుడ్... ఏదీ పెద్దది కాదు. గాలిలోకి చక్కగా లేచింది. బరువు అయిదో వంతు పెరిగితే దిగే వేగం దాదాపు పదో వంతు పెరగాలి. రెండూ కలిసి నేలను తాకే శక్తి 44 శాతం పెరుగుతుంది. ఎడమ చక్రం రెక్కలోంచి ఊడివచ్చింది. ఆ చీలిన చెక్క ముక్క అదిగో, గోడకు కొట్టి ఉంచాను.

ఇలాంటి డెల్టాకు వెనుక అడ్డంగా ఉండే తోక రెక్క ఉండదు. ముక్కు ఎత్తాలంటే రెక్క వెనుక అంచున కదిలే పలకలు, ఎలివాన్లే, పైకి లేవాలి, లేచినప్పుడు రెక్క మోసే బలం కొంత పోతుంది. దిగేటప్పుడు రెక్క మోసే బలం పెంచే ఫ్లాపులు దించుకునే వీలూ లేదు. అందుకే ముక్కు బాగా ఎత్తి దిగుతాం. అప్పుడు గాలి వెనక్కి లాగే బలం విపరీతంగా పెరుగుతుంది. టర్బైనేమో, అంటే ఈ చిన్న జెట్ ఇంజిన్, అడిగిన వెంటనే బలం ఇవ్వదు, మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది. సెకనుకు 20 మీటర్ల వేగంలో అది 60 మీటర్ల పైమాటే. కాబట్టి దిగేటప్పుడు ఇంజిన్‌ను పూర్తిగా తగ్గించను.

ఈసారి 100 న్యూటన్ల టర్బైన్ పెట్టాను, అంటే పది కిలోల తోపు, ముందుకు నెట్టే బలం. మూడు లీటర్ల కిరోసిన్‌తో బయలుదేరే బరువు పన్నెండున్నర కిలోలు. బరువులో అయిదింట నాలుగు వంతుల తోపు. డెల్టాకు ఇది నిండుగా సరిపోతుంది. 140 న్యూటన్లది వేయమని స్నేహితులు గట్టిగానే చెప్పారు. లెక్క వేశాను: ఇంజిన్ 400 గ్రాములు ఎక్కువ. అది గరిమనాభికి, అంటే విమానం తూకం నిలిచే బిందువుకు, 60 సెంటీమీటర్లు వెనుక ఉంటుంది. తూకం సరిపోవాలంటే 90 సెంటీమీటర్లు ముందున్న ముక్కులో 270 గ్రాముల సీసం పోయాలి. అంతే సేపు ఎగరడానికి మరో లీటరు ఇంధనం, 800 గ్రాములు. దాదాపు కిలోన్నర! ఇక్కడి అకాడెమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ నియమం ప్రకారం టర్బైన్ విమానం గంటకు 200 మైళ్లు దాటకూడదు. అంత బలాన్ని ఎక్కడ వాడతాం?

సీసం బదులు బ్యాటరీలు, రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ ముక్కులోకి జరిపాను. ఇంధన ట్యాంకు సరిగ్గా గరిమనాభి మీద కూర్చుంది, ఖాళీ అవుతున్నా తూకం చెదరదు. మా అబ్బాయి ఎలివాన్ల వంటివాటిని కదిపే చిన్న మోటార్లు, అంటే ప్రతి సర్వోను, ప్రతి స్క్రూను వంటింటి త్రాసులో తూచి నోటుబుక్కులో రాశాడు.

ఇప్పుడు మైదానంలో ఉన్నాం. మంటలార్పే సిలిండర్ పక్కనే ఉంది. ఎండ ముదిరితే గాలి పలచబడి తోపు తగ్గుతుంది, అందుకే పొద్దున్నే వచ్చాం. ఈ ఈల వినండి... మూడో వంతు రన్‌వే దాటకముందే లేచింది! ఏడు నిమిషాలకు టైమరు మోగింది. ముక్కు పైకెత్తి, ఇంజిన్ సన్నగా పాడుతుండగా వచ్చి, వెనుక చక్రాలు రెండూ ఒకేసారి నేలకు ఆన్చింది.

"నాన్నా, మళ్లీ తూచుదామా?" అంటూ మావాడు అప్పుడే కాటా తీశాడు. 10 కిలోల 700. మిగిలిన ఇంధనం 660 గ్రాములని నోటుబుక్కులో రాసుకుంటున్నాడు.