పిల్లలు పుట్టడం లేదా? మొదటి పరీక్ష భర్తకూ చేయించండి

నమస్తే అండీ. పెళ్లయి ఏడాది దాటితే చాలు, మన ఇళ్లలో ముందు కోడలినే హాస్పిటల్‌కి తిప్పుతారు. స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ అయ్యాక ఎప్పటికో అబ్బాయి వంతు వస్తుంది. నిజానికి ఇలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో లోపం ఉంటుంది. వీర్య పరీక్షకేమో సూది కూడా అక్కర్లేదు!

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లండి. నెలసరి సరిగా రాకపోతే అంతవరకూ కూడా ఆగొద్దు.

వీర్య పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు కలయిక వద్దు. శాంపిల్ ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే ఇవ్వాలి. ఇంట్లో తీస్తే చలి తగలకుండా, గంటలోపు అందించండి. మొదట వచ్చిన భాగం డబ్బాలో పడకపోతే మొహమాటం లేకుండా చెప్పేయండి, ఎక్కువ వీర్యకణాలు అందులోనే ఉంటాయి.

ఇప్పుడు స్క్రీన్ మీద రిపోర్ట్ చూడండి. మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, 42 శాతం కదలిక, ఇవి కనీస హద్దులు. సరైన ఆకారం ఉన్న కణాలు 4 శాతమే అని ఉంటే టెన్షన్ పడకండి, అక్కడ అంతుంటే చాలు. కౌంట్ తగ్గితే మళ్లీ పరీక్ష చేయించాలి. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి ఆ మధ్య వచ్చిన గట్టి జ్వరం కూడా రిపోర్టులో కనబడొచ్చు. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే డాక్టర్‌కి దాచకండి. మగతనం పెంచుతాయనుకునే ఆ మందులే కణాల తయారీని ఆపేస్తాయి.

ఆడవారిలో ఎక్కువగా కనిపించేది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య. అండం సరిగా విడుదల కాదు. చాలామందికి లెట్రోజోల్ మాత్రలతోనే దారి దొరుకుతుంది. అండం గర్భాశయానికి చేరే ట్యూబులు మూసుకుపోవడానికి మన దేశంలో టీబీ కూడా ఒక కారణం. థైరాయిడ్, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం) కూడా చూస్తారు.

కనీసం ఒక ట్యూబైనా తెరిచి ఉండి, కౌంట్ మరీ తక్కువ కాకపోతే ఐయూఐ. అంటే శుద్ధి చేసిన కణాలను గర్భాశయంలోకి పంపడం. రెండు ట్యూబులూ మూసుకుపోతే ఐవీఎఫ్, అంటే అండాన్నీ కణాలనూ ల్యాబ్‌లో కలిపి, వచ్చిన పిండాన్ని గర్భాశయంలో పెట్టడం. కౌంట్ బాగా తక్కువైతే ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించే ఇక్సీ. ఐవీఎఫ్‌లో కూడా ఆమె వయసు పెరిగేకొద్దీ సొంత అండాలతో ఫలితం తగ్గుతుంది. ఈ మాట చెప్పకుండా గ్యారంటీ అనేవాళ్లను నమ్మకండి.

సంతాన చికిత్సలపై వచ్చిన 2021 చట్టం ప్రకారం ఇలాంటి క్లినిక్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అడ్వాన్స్ కట్టేముందు ఆ సర్టిఫికెట్ చూపించమనండి. ప్యాకేజీలో మందులు, పిండాల ఫ్రీజింగ్ కలిపారో లేదో కాగితం మీద రాయించుకోండి.