ఊరి జంక్షన్‌కు రోడ్డు భద్రత నిధులు: అర్జీ పెట్టే పద్ధతి

నమస్కారం. ప్రతి ఊరికీ ఒక పాడు మలుపు ఉంటుంది, లేదంటే బడి ముందే లారీలు దూసుకుపోయే రోడ్డు ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజు రాస్తారోకో చేస్తాం, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, వారం తర్వాత అంతా మామూలే. అలాంటి చోటికి ప్రభుత్వ డబ్బు తెప్పించే అర్జీ ఎలా తయారుచేయాలో ఈ వీడియోలో చూద్దాం. ఆంధ్రప్రదేశ్ వాళ్లకైనా తెలంగాణ వాళ్లకైనా దారి దాదాపు ఒకటే.

ముందే చెప్తున్నా, "రోడ్డు భద్రత గ్రాంట్" అని ఫారం ఎక్కడైనా ఉందేమోనని వెతక్కండి. డబ్బు మన ఖాతాలో పడదు, పని చేయించే శాఖకు వెళ్తుంది. ఆ శాఖ పక్కన పడేయలేని కాగితం తయారుచేయడమే మన పని.

మొదట ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. సగం అర్జీలు ఇక్కడే ఆగిపోతాయి, "ఇది మా పరిధి కాదు" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపేస్తారు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి చూడండి. తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. రాయి లేకపోయినా, రంగు వెలిసిపోయినా మండలంలో ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు, భవనాల శాఖ, ఏఈనో (అసిస్టెంట్ ఇంజినీరు), పంచాయతీరాజ్ ఏఈనో అడిగితే చెప్తారు. రాయి మీదున్న అంకె కూడా రాసుకోండి. "వేపచెట్టు దగ్గర మలుపు" అంటే మనకు అర్థమవుతుంది, ఇంజినీరుకు మాత్రం కిలోమీటరు అంకె కావాలి.

ఇక అసలు బలం, ప్రమాదాల లెక్క. దీనికి ఎంత టైమ్ పెట్టినా వృథా కాదు. జాతీయ రహదారిపై బ్లాక్ స్పాట్ అంటే ఏమిటో కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పింది: సుమారు 500 మీటర్ల రోడ్డు మీద, గత 3 క్యాలెండర్ సంవత్సరాల్లో, ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగి ఉండాలి, లేదా 10 మంది చనిపోయి ఉండాలి. మీది వేరే రోడ్డయినా లెక్క ఇదే ఆకారంలో ఇవ్వండి, అధికారికి వెంటనే పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఈ లెక్క పోలీసుల దగ్గర ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా నమోదైన ప్రమాదాల ఎఫ్ఐఆర్ నంబర్లు, తేదీలు, మృతుల, క్షతగాత్రుల సంఖ్య అడగండి. పేర్లు అడగొద్దు, మనకవసరం లేదు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన, గాయపరిచిన కేసుల సెక్షన్లు కూడా రాయండి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106, 125. అంతకు ముందు కేసులకు ఐపీసీ 304ఎ, 338. ఒక్క చట్టం పేరే రాస్తే మిగతా కాలం లెక్క తప్పిపోయే ప్రమాదం ఉంది. 30 రోజుల్లో జవాబు రావాలి.

లెక్క చేతికొచ్చాక గ్రామసభలో తీర్మానం చేయించండి. బడి ఉంటే హెడ్‌మాస్టర్‌తో, రోజూ ఎంతమంది పిల్లలు రోడ్డు దాటుతారో ఒక లేఖ రాయించండి. పగలు రెండు ఫొటోలు, రాత్రి ఒకటి. చీకట్లో తీసిన ఫొటో చూపిస్తే వీధి దీపాల గురించి పేజీలు రాయక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు ఎవరిని అడగాలి? జాతీయ రహదారైతే ఆ రోడ్డు చూసే జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) ప్రాజెక్ట్ డైరెక్టర్‌ను, లేదా ఆర్ అండ్ బీలోని జాతీయ రహదారుల విభాగాన్ని. ఏ రోడ్డయినా సరే, ఒక కాపీ జిల్లా రోడ్డు భద్రత కమిటీకి పంపండి. కలెక్టర్ అధ్యక్షుడు, ఎస్పీ, రోడ్డు శాఖల ఇంజినీర్లు సభ్యులు. "మా పరిధి కాదు" అనే మాట ఆ సమావేశంలో చెల్లదు, అందరూ ఒకే బల్ల చుట్టూ ఉంటారు. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడ ఇచ్చి రసీదు తీసుకోండి.

చిన్న రోడ్లకు ఎంపీ నిధులు మంచి దారి. ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు. ఎంపీ సిఫార్సు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది, కాగితాలు ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసులో కదులుతాయి. లోక్‌సభ సభ్యుడి చుట్టూ అందరూ తిరుగుతారు గానీ, రాజ్యసభ సభ్యుడు తాను ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడి పనికైనా సిఫార్సు చేయొచ్చు. ఆ తలుపు తట్టేవాళ్లు తక్కువ. మీది గ్రానైట్ లారీలో, బొగ్గు లారీలో నలిపేసే ఊరైతే జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులు, అంటే గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ల కోసం గనుల వాళ్ల దగ్గర వసూలు చేసే డబ్బు, కూడా అడగండి.

అర్జీలో ఏం అడగాలి? చాలామంది నేరుగా "స్పీడ్ బ్రేకర్ కావాలి" అని రాస్తారు. నేనైతే అలా రాయను. జాతీయ రహదారిపై స్పీడ్ బ్రేకర్ ఇవ్వరు, దాంతో అర్జీయే కొట్టుకుపోతుంది. "పోలీసు, ఇంజినీరింగ్ అధికారులు కలిసి స్థలం పరిశీలించి, తగిన పనులకు ఎస్టిమేట్ వేయాలి" అని రాయండి. అప్పుడు దీపాలు, హెచ్చరిక బోర్డులు, జీబ్రా గీతలు, డివైడర్ ఖాళీ మూయడం, అన్నీ అందులోకి వస్తాయి. పరిశీలనకు వచ్చిన రోజు మీరు అక్కడ ఉండాలి సుమా.

మోటారు వాహనాల చట్టం 198ఎ సెక్షన్ గురించి వినే ఉంటారు. రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, లేదా వికలాంగులైతే, బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. మొదటి అర్జీలోనే దాన్ని బయటికి తీయకండి, గొడవకొచ్చారనుకుంటారు. నెలలు గడిచినా కదలిక లేకపోతే రెండో లేఖలో రాయండి.

పని మంజూరయ్యాక ఎస్టిమేట్ కాపీ తీసుకోండి. ఒకవేళ ఊరి రోడ్డుకు స్పీడ్ బ్రేకరే వచ్చిందనుకోండి, టేపుతో కొలవండి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గుండ్రటి హంప్‌కు చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మనవాళ్లు వేసేది తరచూ మూరెడు వెడల్పు, మోకాలి ఎత్తు. ముందు బోర్డు ఉండదు, మీద పెయింట్ ఉండదు, రాత్రి బైకు వాళ్లు ఎగిరి పడేది దాని మీదే. ఎస్టిమేట్లో బోర్డు, పెయింట్ ఉండి రోడ్డు మీద లేకపోతే, కాంట్రాక్టర్‌కు బిల్లు పాస్ కాకముందే ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు) రాసి ఇవ్వండి.