సైకిలు సామాను మీద ఎవరి పేరు ఉండాలి?

(జూన్ 3, ప్రపంచ సైకిలు దినోత్సవం సందర్భంగా అనంతపురంలో మెకానిక్కులు, దుకాణదారులు, విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

మెకానిక్కు సోదరులకు, విడిభాగాల దుకాణాలు నడుపుతున్న పెద్దలకు, ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

టవర్ క్లాక్ చుట్టుపక్కల ఏ సైకిలు దుకాణానికి వెళ్లి చైనో ఫ్రీవీలో (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) అడిగినా ముందు వినపడే మాట "కంపెనీదా, లోకలా?" అని. కొనేవారు ధర వింటారు, జేబు చూసుకుంటారు, ఏదో ఒకటి తీసుకుంటారు. నిజానికి ఆ అరల్లో మూడు రకాల సరుకు ఉంటుంది. పేరున్న కంపెనీ తన పూచీ మీద అమ్మేది ఒకటి. ఏ లూధియానా సందులోనో చిన్న కార్ఖానాలో తయారై, తన చిన్న పేరుతోనో అసలు పేరే లేకుండానో వచ్చేది ఇంకొకటి. ఎక్కడో తయారైన సరుకు మీద పెద్ద కంపెనీ పేరు గుద్ది, అదే రంగు డబ్బాలో పెట్టి పంపేది మూడోది. రెండోదాన్నీ మూడోదాన్నీ మనం ఒకే గాటన కట్టి తిడుతున్నాం. ఆ అన్యాయం గురించి మాట్లాడడానికే వచ్చాను.

చిన్న పేరుతో వచ్చే సరుకు పక్షాన నేను నిలబడతాను. 1956లో హీరో సైకిళ్ల తయారీ మొదలుపెట్టక ముందు ముంజాల్ సోదరులు లూధియానాలో సైకిలు విడిభాగాల వ్యాపారులు. ర్యాలీ, బీఎస్ఏ, హెర్క్యులిస్ వంటి ఇంగ్లండు పేర్లకే గౌరవం దక్కిన కాలమది. ఆ కొలతతో చూస్తే వాళ్లదీ లోకల్ సరుకే. 1986 నాటికి అదే సంస్థ ప్రపంచంలో అత్యధికంగా సైకిళ్లు తయారుచేసేదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. చిన్న కార్ఖానాను చిన్నచూపు చూసేవారు ఈ చరిత్ర ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఇప్పటికీ పెద్ద కంపెనీల సైకిళ్లలోని ఎన్నో భాగాలు చిన్న యూనిట్ల నుంచే వస్తాయి. వాటిని కొలిచి, పరీక్షించి, నాసివి వెనక్కి పంపి, మిగిలినవాటి మీద కంపెనీ తన పేరు వేస్తుంది. మనం ఎక్కువ ధర ఇచ్చేది ఆ తనిఖీకి. ఆ తనిఖీ నిజంగా జరిగితే ఆ ధర న్యాయమైనదే.

ఒకరిని చూసి ఇంకొకరు చేయడమే పాపమని వాదించేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. గాలి నింపే టైరుకు డన్‌లప్ 1888లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు నలభై ఏళ్ల ముందే రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన అలాంటి టైరుకే పేటెంటు పొందాడని తేలడంతో డన్‌లప్ హక్కు చెల్లకుండా పోయింది. గేరు సైకిళ్ల సంగతి ఇంకా స్పష్టం. చైనును ఒక పళ్ల చక్రం మీద నుంచి మరోదాని మీదికి మార్చే డిరైలరును వాలుగా అమర్చితే, అది ప్రతి చక్రానికీ దాదాపు సమాన దూరంలో నడుస్తుందని, గేరు సాఫీగా పడుతుందని 1964లో కనిపెట్టింది జపాన్‌కు చెందిన సన్‌టూర్ కంపెనీ. 1984లో ఆ పేటెంటు గడువు తీరింది. అదే ఏడాది జపాన్‌కే చెందిన మరో కంపెనీ షిమానో తన డ్యూరా-ఏస్ అనే డిరైలరులో ఆ వాలు అమరికను తీసుకుని, లివరు ఒక్కో మెట్టు కదిపితే ఒక్కో గేరు పడే పద్ధతిని దానికి జోడించింది. ఈ రోజు మన విద్యార్థుల గేరు సైకిళ్లలో చాలావాటికి ఆ వాలు అమరికే ఉంటుంది. షిమానో దొంగతనం చేసిందా? లేదు. గడువు తీరేదాకా ఆగింది, తన తెలివి కలిపింది, తన పేరే వేసుకుంది. తేడా వస్తే ఎవరిని అడగాలో కొన్నవాడికి తెలుసు. ఎవరి సరుకు మీద వారి పేరు ఉండడమే నేను కోరేది.

ఇక నాణ్యత. చైనుతో మొదలుపెడతాను, ఎందుకంటే మన ఊళ్లో డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. చైను సాగింది అంటాం. ఉక్కు పలకలు నిజానికి సాగవు. లింకులను కలిపే పిన్నులు, వాటి చుట్టూ తిరిగే భాగాలు కొద్దికొద్దిగా అరుగుతాయి, ఆ అరుగుదల అంతా కలిసి చైను పొడవుగా మారుతుంది. పిన్ను పైపొర గట్టిగా, లోపల పెళుసుబారకుండా దృఢంగా ఉండాలంటే దాన్ని సరైన వేడిలో సరైన సమయం కాల్చి చల్లార్చాలి. నాసి సరుకులో ఎగ్గొట్టేది ఈ పనినే. అది కంటికి కనిపించదు. మెరుగు అలాగే ఉంటుంది, అచ్చు కూడా అలాగే ఉంటుంది. మన అనంతపురం దుమ్ము నూనెతో కలిసి చైనులోకి దిగితే, కాలని పిన్ను చూస్తుండగానే అరిగిపోతుంది. అరిగిన చైను ఊరికే ఉండదు, ఫ్రీవీలు పళ్లను, ముందున్న పెద్ద చక్రం పళ్లను తినేస్తుంది. చైనులో మిగిల్చుకున్న డబ్బు ఫ్రీవీలు రూపంలో రెండింతలై పోతుంది. చైను ఒక్కో పిన్నుకు మధ్య దూరం అర అంగుళం, అంటే 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు పెట్టి కొలిచి, అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చండి. ఎనిమిదో వంతు పెరిగిందంటే పళ్లు కూడా పోయినట్టే. ఈ కొలత ముందు ఏ కంపెనీ గొప్పా చెల్లదు, ఏ లోకల్ సరుకుకూ లోకువ ఉండదు.

బాల్సు, అంటే చక్రం ఇరుసు చుట్టూ దొర్లే ఉక్కు గుండ్ల విషయమూ ఇంతే. వెనక చక్రం నడుమ ఉండే హబ్బులో ఒక్కో వైపు తొమ్మిది పావు అంగుళం గుండ్లు వేస్తాం. వాటిలో ఒకటి వెంట్రుకవాసి పెద్దదైతే బరువంతా దాని మీదే పడుతుంది, గుండ్లు దొర్లే కప్పుకు గుంటలు పడతాయి, చక్రం గరగరలాడుతుంది. అప్పుడు తిట్లు తినేది బాల్సు చేసినవాడు కాదు, బిగించిన మెకానిక్కు. సర్కారు తుమ్మ ముళ్లకు పడే పంచర్లు వేసే చేతుల మీద ఈ నింద కూడా పడడం నాకు బాధగా ఉంటుంది.

అయితే అన్ని భాగాలనూ ఒకే తక్కెడలో తూచనక్కర లేదు. మడ్‌గార్డు, స్టాండు, బెల్లు, క్యారియరు, సీటు కవరు చవకవి కొనండి, సంతోషంగా వాడుకోండి. ముందు ఫోర్కు, హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్ము, బ్రేకు వైరు, పెడలు ఉండే క్రాంకును ఇరుసుకు బిగించే కాటరు పిన్ను దగ్గర మాత్రం ఒక్కసారి ఆగండి. మడ్‌గార్డు విరిగితే చప్పుడు చేస్తుంది, ఫోర్కు విరిగితే మనిషి మొహం మీద పడతాడు. బ్రేకు వైరు చివర ఉండే చిన్న ముడి గట్టిగా నొక్కినప్పుడే ఊడుతుంది, అంటే సరిగ్గా ఎదురుగా లారీ ఉన్నప్పుడే. రెండు పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున హైవే దాటే మనిషి ప్రాణం ఆ ముడి మీద ఉంది. ఈ మాట కూడా చెప్పాలి: ఉక్కు రిమ్ము తడిస్తే, ఎంత పేరున్న బ్రేకు రబ్బరు వేసినా పట్టు బాగా తగ్గిపోతుంది. వానలో నెమ్మదిగా వెళ్లడానికి బదులుగా డబ్బాలో దొరికేది ఏదీ లేదు.

దొంగ పేరు వేస్తే నష్టపోయేది పెద్ద కంపెనీ అనుకుంటాం. మన ధర్మవరాన్ని చూడండి. మరమగ్గం మీద నేసిన చీరను చేమగ్గం పట్టు అని అమ్మితే ఎవరి పొట్ట కొట్టినట్టు? గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడిది. మరమగ్గం చీర కట్టుకోవడం తప్పని ఎవరూ అనరు, దాన్ని చేమగ్గం చీరగా చెప్పడం తప్పు. సైకిలు సామానులోనూ అలాగే, సొంత పేరుతో నిజాయితీగా చైను చేసేవాడు ముందు చితికిపోతాడు. అదే ధరకు పెద్ద పేరున్న డబ్బా పక్కనే కనిపిస్తుంటే అతని డబ్బాను ఎవరు ముట్టుకుంటారు? నాణ్యతకు ఖర్చుపెట్టి పేరు సంపాదించుకోవాలనే ఆశే అతనిలో చచ్చిపోతుంది.

పెద్ద కంపెనీలనూ నేను వదలను. కొన్నేళ్లకోసారి కొలతలు మారుస్తారు. పాత మోడలుకు విడిభాగాలు ఆపేస్తారు. విప్పి బాగుచేసుకునే వీల్లేకుండా మొత్తంగా మూసిన భాగాలు అమ్మి, పాడైతే కొత్తది కొనమంటారు. గేరు సైకిలు అసలు భాగం కావాలంటే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బెంగళూరు నుంచి తెప్పించుకోవాల్సి వస్తే, నకిలీకి తలుపులు తీసింది వాళ్లు కూడా. అలాంటి పాత సైకిలుకు సరిపోయే భాగాన్ని సొంత పేరుతో చేసి ఇచ్చే చిన్న కార్ఖానా సమాజానికి సేవ చేస్తోందని నా గట్టి నమ్మకం. పనిచేసే సైకిలు మూలన పడకుండా కాపాడేది వాళ్లే.

కూలి డబ్బుతో సైకిలు బాగుచేయించుకునేవారికి నేను నీతి చెప్పను. వాళ్లకు తెలియాల్సిన నిజం చెప్పడం కౌంటరు వెనక ఉన్న దుకాణదారుల పని. చట్టం కూడా బరువును అక్కడే పెట్టింది. 1999 ట్రేడ్ మార్కుల చట్టం 103, 104 సెక్షన్ల ప్రకారం దొంగ గుర్తు వేసినా, అలాంటి సరుకు అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. తగిన జాగ్రత్త తీసుకున్నానని, అనుమానించే కారణం కనపడలేదని, సరుకు ఎవరిచ్చారో అడిగిన వెంటనే చెప్పానని రుజువు చేసుకున్న దుకాణదారుకు రక్షణ ఉంది. హోల్‌సేలు బిల్లు లేనివారు ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తారు? కాబట్టి బిల్లు లేకుండా డబ్బా తీసుకోకండి. మీరు ఇచ్చే చీటీ మీద కూడా 'కంపెనీ' అనో 'లోకల్' అనో రాయండి, రెండు అక్షరాల ఖర్చు. కొని మోసపోయినవారు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు చేయవచ్చు.

వెనక బల్ల మీద స్కేళ్లు, కొత్తవీ అరిగినవీ చైన్లు, కప్పులు, బాల్సు పెట్టించాం. బయట నిలిపిన సైకిళ్లను ఒక్కొక్కటిగా లోపలికి తెచ్చుకోండి. మెకానిక్కు అన్నలు కొలిచి చూపిస్తారు, మీ ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.