ఈ గుంత ఎవరిది?

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, మబ్బు పట్టినా లెక్కచేయక వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

వార్షికోత్సవంలో మాట్లాడాలని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఏదో సాహిత్య విషయం అనుకున్నాను. వారు నవ్వి, "సాయంత్రం పూట చాయ్ దగ్గర మనం రోజూ అనుకునే మాటలే ఒక్కసారి మైకు ముందు అనండి సార్" అన్నారు. ముప్ఫై ఏళ్ళకు పైగా హైదరాబాదు సిటీ బస్సులలో తిరిగి, ట్రాఫిక్‌ను తిట్టి, నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసి, వచ్చిన ప్రతి ప్రభుత్వాన్నీ విమర్శించినవాడిని కాబట్టి విసుగు అనే విషయం మీద మాట్లాడే అర్హత నాకు కొంత ఉన్నదని ఒప్పుకున్నాను.

మన గ్రంథాలయం సందు మొదట్లో ఉన్న గుంతతోనే మొదలుపెడతాను. ఇక్కడికి వచ్చిన ప్రతివారూ దాన్ని తప్పించుకొనే వచ్చారు. వేసవిలో ఒక కార్యాలయం వారు పైపు వేయడానికి అక్కడ తవ్వారు. పని అయ్యాక మట్టి కప్పి వెళ్ళారు. మొదటి వానకే మట్టి కుంగింది. రాత్రిపూట బండి మీద వస్తూ ఒక కుర్రవాడు పడ్డాక, ఎవరో పుణ్యాత్ముడు అందులో ఒక వేపకొమ్మ నాటి, దానికి ఎర్ర గుడ్డ కట్టాడు. నేను ఫోనులో ఫిర్యాదు నమోదు చేశాను. టోకెన్ నంబరు వచ్చింది. నాలుగో రోజున "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది. వెళ్ళి చూస్తే గుంత గుంతగానే ఉంది. కొమ్మ మాత్రం ఎండిపోయింది.

రిటైరయినవాడికి కాలానికి కొదవ ఉండదు. కార్యాలయాల చుట్టూ తిరిగాను. మొదటి చోట, తవ్వింది తామేనని, రోడ్డు కోసినందుకు కట్టవలసిన డబ్బు కట్టేశామని, పూడ్చే బాధ్యత ఇక తమది కాదని చెప్పారు. రెండో చోట, డబ్బు వచ్చిన మాట నిజమేనని, అయితే ప్యాచ్‌వర్క్ కాంట్రాక్టు ఇంకా ఖరారు కాలేదని చెప్పారు. మూడో చోట ఒక యువ ఇంజనీరు గోడ మీది పటాన్ని వేలితో చూపిస్తూ, సందు తమ పరిధిలోదే అయినా సందు మొదలు మాత్రం పక్క సర్కిల్ కిందికి వస్తుందని ఓపికగా వివరించాడు. చాయ్ కూడా తెప్పించాడు. వాళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందరూ నిజమే చెప్పారు, గుంత అలాగే ఉంది. నా విసుగుకు అసలు కారణం ఇదే. దుర్మార్గుడు ఒకడు దొరికితే తిట్టుకొని నిద్రపోవచ్చు. ఇక్కడ తిట్టడానికి మనిషి దొరకడు.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే ఈ నగరాన్ని ఎవరు నడుపుతున్నారో ఒకసారి చూడాలి. 1989లో నీరు, మురుగు పనులు జలమండలికి అప్పగించారు. 2007 ఏప్రిల్‌లో పాత నగరపాలక సంస్థలో 12 పురపాలికలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. ఆ మరుసటి ఏడాది నగరాభివృద్ధి సంస్థను విస్తరించి హెచ్ఎండీఏగా మార్చారు. కరెంటు ఒక పంపిణీ సంస్థది, బస్సు ఆర్టీసీది, సిగ్నల్ దగ్గర చెయ్యి ఎత్తే అధికారం పోలీసు శాఖది. వీటిలో ప్రతిదాని పగ్గాలూ చివరికి రాష్ట్ర సచివాలయానికే చేరతాయి. నగరానికి మేయరు పదవి ఉంది. కానీ 1955 నాటి చట్టం ప్రకారం కార్యనిర్వహణ అధికారం ప్రభుత్వం నియమించే కమిషనరుది. మనం ఎన్నుకున్న మనిషి సభకు అధ్యక్షత వహిస్తారు, మనం ఎన్నుకోని మనిషి ఫైలు మీద సంతకం చేస్తారు.

రాజ్యాంగం దీన్ని ఊహించలేదా అంటే ఊహించింది. 1992లో వచ్చిన 74వ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 పనులను జాబితాగా ఇచ్చింది. పట్టణ ప్రణాళిక, రోడ్లు, వంతెనలు, నీటి సరఫరా, చివరికి అగ్నిమాపక సేవలు కూడా అందులో ఉన్నాయి. అయితే ఆ అధికారాలను రాష్ట్ర శాసనసభ "ఇవ్వవచ్చు" అన్నదే తప్ప "ఇవ్వవలెను" అనలేదు. ఆ ఒక్క క్రియాపదంలో మన సందు గుంత ఇరుక్కుపోయిందని నా అభిప్రాయం. పార్టీ ఏదైనా, రాష్ట్రానికి ఆదాయం తెచ్చే నగరాన్ని మేయరు చేతికి ఇచ్చి చేతులు దులుపుకొనే ముఖ్యమంత్రి ఎక్కడా కనబడడు. హైదరాబాదు నగరపాలక సంస్థకు 1986లో ఎన్నికలు జరిగాక మళ్ళీ 2002లో జరిగాయి. మధ్యలో ఏళ్ళ తరబడి ప్రత్యేకాధికారులే పాలించారు. అప్పట్లో మనలో ఎవరైనా దాని గురించి రోడ్డెక్కామా? నేను ఎక్కలేదు. కార్పొరేటర్లు లేరన్న సంగతే నేను గమనించలేదు.

ఇక మన అభిప్రాయాల సంగతి. చాయ్ బండి దగ్గర నిలబడితే అమెరికా అధ్యక్షుడు చేసిన తప్పేమిటో, ఢిల్లీలో ఏం జరగాలో, ముఖ్యమంత్రి ఎవరిని మంత్రివర్గంలోకి తీసుకొంటే బాగుండేదో మనకు వివరంగా తెలుసు. కొంతసేపటికి ఎవరో ఒకరు సింగపూర్ ప్రస్తావన తెస్తారు. మరొకరు ఈ దేశానికి పదేళ్ళు మిలిటరీ పాలన కావాలంటారు. ఓటు వేసి ఏం లాభమని మూడోవారు ముగిస్తారు. నేనూ ఆ మూడు మాటలూ అన్నవాడినే. ఆ మధ్య అక్కడే నలుగురిని, మీ కార్పొరేటరు పేరు చెప్పండి అని అడిగాను. ముగ్గురు చెప్పలేకపోయారు. చెప్పిన నాలుగో మనిషి చాయ్ పోసేవాడు. బండి అక్కడ నిలబడాలంటే ఆయనకు ఆ పేరు తెలిసి ఉండాలి.

ఇందులో ఒక పాఠం ఉందని తరువాత తోచింది. అపార్ట్‌మెంట్లలో ఉండే మనలాంటివాళ్ళం కరెంటు పోతే ఇన్వర్టర్‌తో, నీళ్ళు రాకపోతే ట్యాంకరుతో, సర్కారు బడి నచ్చకపోతే ఫీజు బడితో, భద్రతకు వాచ్‌మన్‌తో సర్దుకున్నాం. ఒక్కొక్క అవసరాన్నీ డబ్బుతో కొనుక్కొని ఉమ్మడి వ్యవస్థ నుంచి నెమ్మదిగా బయటికి నడిచాం. డబ్బు పెట్టినా కొనుక్కోలేనివి రెండే మిగిలాయి, రోడ్డు, వాన. అందుకే మన కోపమంతా ఆ రెండింటి మీదే. బస్తీలో ఉండేవారికి ఆ సౌకర్యం లేదు. పింఛను, రేషన్ కార్డు, మోరీ పూడిక, వీధి నల్లా, వీటిలో ఏది కావాలన్నా కార్పొరేటరు గడప తొక్కవలసిందే. ఓటూ వాళ్ళే ఎక్కువ వేస్తారు, పనీ గట్టిగా అడుగుతారు. దాన్ని మనం ఓటు బ్యాంకు అని ఈసడిస్తాం. 2009, 2016, 2020, ఈ మూడు గ్రేటర్ ఎన్నికలలో ఒక్కదానిలోనూ పోలింగ్ సగానికి చేరలేదు.

2020 మాట వచ్చింది కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. ఆ అక్టోబరు 13 రాత్రి మనలో చాలామందికి గుర్తుంటుంది. నగరంలో, శివార్లలో కుండపోతగా వాన కురిసింది. చెరువు కట్టలు తెగి పల్లపు కాలనీల మీదికి నీళ్ళు వచ్చాయి. పడవలలో మనుషులను బయటికి తెచ్చారు. ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. పంపిణీ మీద ఫిర్యాదులు వచ్చాయి, మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఇంతలో గ్రేటర్ ఎన్నికల ప్రకటన వెలువడింది, నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీని ఆపించింది, డిసెంబరు 1న పోలింగ్ జరిగింది. నగరం మునిగి ఏడు వారాలు గడిచాక జరిగిన ఎన్నిక అది. వాననీటిని మోసే నాలాల మీద, చెరువుల మీద, ముంపు పటాల మీద చర్చ జరిగి ఉండవలసిన ఎన్నిక. కేంద్ర హోంమంత్రి వచ్చారు, ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి వచ్చారు, ఊరి పేరు మార్చాలా వద్దా అన్న వాదం వచ్చింది. మరోవైపు నెలకు 20,000 లీటర్ల నీళ్ళు ఉచితమన్నారు, ఆ మాటను జనవరిలో అమలు చేశారు కూడా. బురద ఎత్తిపోసుకుంటున్న ఇంటి ముందు నుంచి ప్రచార రథాలు వెళ్ళడం నేను చూశాను. నాయకులనే తప్పుపట్టి లాభం లేదు. ఊరి పేరు మీద వాదించడానికి మనకు ఉన్న ఉత్సాహం ఊరి నాలా మీద వాదించడానికి లేదని వాళ్ళకు బాగా తెలుసు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగానే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ మాట చెప్పగానే, చూశారా, రాజుల కాలమే నయం అని ఎవరో అంటారు. నేను అనను. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించినప్పుడు అక్కడివారి అభిప్రాయం ఎవరూ అడిగి ఉండరు. నన్ను ఆకట్టుకునేది మరొకటి. ఆ వరదకు ఒక కారణం వెతికారు, ఆ కారణానికి ఒక చిరునామా దొరికింది, అక్కడ ఆనకట్ట కట్టారు. ఇప్పుడు మన దగ్గర ప్రతి వానకూ సాయం ఉంది, సమీక్ష ఉంది, పర్యటన ఉంది. 2020 తరువాత నాలాల విస్తరణకు ఒక పథకం తెచ్చిన మాట వాస్తవమే. అయితే నాలా వెడల్పు చేయాలంటే నాలాను ఆనుకొని కట్టిన గోడ కూలాలి. ఆ గోడ ఎవరిది?

ఇక్కడ సభలో కొంచెం ఇబ్బంది కలుగుతుందేమో, క్షమించాలి. ఆ గోడ మనదే. ప్లాను ఒకటి, కట్టింది ఒకటి. సెల్లారు పార్కింగుకు అని రాసి దుకాణాలకు అద్దెకు ఇచ్చాం, బండ్లు రోడ్డు మీద పెట్టాం, రోడ్డు ఇరుకైందని పత్రికకు లేఖ రాశాం. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు 2007లో ఒకసారి, 2015లో మరోసారి పథకాలు వచ్చాయి. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ వచ్చింది. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకున్నాం, ప్రతిసారీ క్యూలో నిలబడ్డాం. నిబంధన పాటించినవాడు వెర్రివాడయ్యాడు. నేను మా బాల్కనీకి అద్దాలు బిగించి గది చేసుకున్నాను. ఆ గదిలో కూర్చునే ఈ ప్రసంగం రాసుకున్నాను.

మన అభిప్రాయాలు ఎక్కడి నుంచి పుడతాయో చెప్పే సంఘటన మరొకటి ఉంది. 2023 డిసెంబరు 9న మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం మొదలైన తరువాత, ఒకరోజు నేను ఎక్కిన బస్సు కిక్కిరిసి ఉంది. నా పక్కన నిలబడ్డ మంచి చొక్కా వేసుకున్న ఒకాయన, టికెట్టు కొన్నవాడికి సీటు లేకపోవడం ఏమి న్యాయమని, ఈ ఉచితాలతో రాష్ట్రం దివాలా తీస్తుందని అందరికీ వినబడేలా అంటున్నాడు. నిజానికి నేను మనసులో అనుకుంటున్నదీ అదే. ముందు సీటులో కూరగాయల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, "గా ఫ్లైఓవరు ఎక్కినప్పుడు నువ్వు టికెట్టు కొంటవా బిడ్డా?" అని అడిగింది. ఆయన మాట్లాడలేదు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కోట్లు పోసి కట్టిన వంతెన మీద కార్లు ఉచితంగా వెళ్ళడం అభివృద్ధి, కూరగాయలమ్మే మనిషి ఉచితంగా వెళ్ళడం దుబారా అన్న లెక్క నాకు ఎవరు నేర్పారో ఆ రోజు వరకు నేను ఆలోచించలేదు. బస్సులు పెంచకుండా ప్రయాణికులను పెంచడం మీద నా ఫిర్యాదు ఇప్పటికీ అలాగే ఉంది. అయితే దాన్ని ఆవిడ సీటు మీద కాక, కొనని బస్సుల మీద పెట్టాలని తెలిసింది.

చివరగా వార్డు సంగతి. 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని అదే 74వ సవరణ చెప్పింది. 2023 జూన్‌లో నగరంలోని 150 వార్డులలోనూ వార్డు కార్యాలయాలు తెరిచారు. వివిధ విభాగాల ఉద్యోగులు ఒకే చోట కూర్చుంటారని, పౌరుడు తిరగనక్కర లేదని అన్నారు. చాలా మంచి ఆలోచన. అందులో నేను అడుగుపెట్టలేదు. మీలో పెట్టినవారు చేతులెత్తండి అని అడగబోయి మానుకుంటున్నాను. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి వార్డులను 300 చేశారు. పాత వార్డు పేరే తెలియని మనకు ఇప్పుడు కొత్తదీ తెలియదు. మన గ్రంథాలయం గోడ మీద ఈ సందు ఏ వార్డులోదో, ఏ సర్కిల్‌లోదో, సందు మొదలు ఎవరిదో, ఏ ఇంజనీరు చూస్తారో రాసిన ఒక పటం అంటించాలని కార్యదర్శిగారిని అడిగాను. పటం నేను గీసి ఇస్తానన్నాను. గోడకు మేకు కొట్టాలంటే కార్యవర్గం తీర్మానం కావాలన్నారు. వచ్చే సమావేశంలో పెడతారట.

ప్రశ్నలకు పది నిమిషాలు ఉన్నాయని చీటీ వచ్చింది. ఉరుములు వినిపిస్తున్నాయి కనుక తొందరగా అడగండి. వెళ్ళేటప్పుడు బండ్ల మీద వచ్చినవారు సందు మొదట్లో కుడివైపుగా పోనివ్వండి. వీధి దీపం వెలగడం లేదు, కొమ్మను నిన్న రాత్రి ఎవరో తీసేశారు.