పంక్ బ్యాండ్ వదిలే ముందు చేయాల్సిన పని

అందరికీ నమస్కారం.

గిటార్ మీద మూడు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వస్తే చాలు, బ్యాండ్ పెట్టేయొచ్చన్న మాట 1977 నుంచి నలుగుతూనే ఉంది. పెట్టిన బ్యాండ్ లోంచి ఎలా బయటికి రావాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే చాలామంది చెప్పాపెట్టకుండా మానేస్తారు, లేదంటే వ్యాన్‌లో గొడవపడి మానేస్తారు. పంక్‌లో, అంటే వేగంగా మోతగా వాయించే ఈ రాక్ సంగీతంలో, మనకు మేనేజర్ ఉండడు, లాయరూ ఉండడు. పోస్టర్లు మనమే అతికించాం, టీషర్టులు మనమే అచ్చు వేశాం. ముగించే పని కూడా మనదే. అదీ అంత శ్రద్ధగానే చేయాలి.

మొదట తేదీ తేల్చుకోండి. ఒప్పుకున్న షోలన్నీ ఒక కాగితం మీద రాయండి. వాటిలో చివరిది అయ్యేదాకా మీరు బ్యాండ్‌లోనే ఉన్నట్టు లెక్క. విషయం ముందు బ్యాండ్‌కి చెప్పాలి, అదీ మెసేజ్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. రిహార్సల్‌కి ముందు చెబితే ఆ రోజు వాయింపు సాగదు. అయ్యాక, సామాను సర్దాక చెప్పండి. షో రోజున అసలొద్దు. బ్రిటన్‌లో క్రాస్ అనే బ్యాండ్ 1984లో ఆపేస్తామని ముందునుంచీ చెబుతూ వచ్చింది. కొన్ని రికార్డుల కేటలాగ్ నంబర్లలోనే ఆ ఏడాది దాకా ఎన్నేళ్లు మిగిలాయో లెక్క కనిపిస్తుంది. అన్నట్టే 1984లో ఆపేసింది. అంత ముందుచూపు అందరికీ కుదరదు గానీ, రెండు మూడు నెలలైనా టైమివ్వడం తోటివాళ్ల పట్ల మర్యాద.

మీ స్థానంలోకి ఎవరైనా వస్తుంటే పాటలు అప్పగించే బాధ్యత మీదే. రికార్డింగ్ పంపి ‘విని నేర్చుకో’ అంటే సరిపోదు. పంక్ పాటల్లో కష్టం స్వరాల్లో ఉండదు, ఆగి మళ్లీ అందుకునే చోట ఉంటుంది. పాటకో కాగితం పెట్టండి: ట్యూనింగ్ ఏమిటి, వేగమెంత, ఏ ముక్క ఎన్నిసార్లు, ఎక్కడ ఆగుతాం, తిరిగి అందుకునేటప్పుడు ఎవరి వైపు చూడాలి. ఈ చివరిది ఎక్కడా రికార్డవదు, మీకు మాత్రమే తెలుసు. 190 బీపీఎం (నిమిషానికి 190 బీట్లు) పాటలో ఒక బీట్ అంటే సెకనులో మూడో వంతు కూడా ఉండదు. అన్నీ కిందికి కొట్టే స్ట్రోక్‌లే అయితే, బీట్‌కి రెండు చొప్పున, మణికట్టు సెకనుకి ఆరుసార్లకు పైగా ఆడాలి. కొత్తగా వచ్చినవాళ్లు మోచేయి బిగబట్టి కొడతారు, రెండో పాటకే చేయి పట్టేస్తుంది. 150తో మొదలుపెట్టించి, చేయి వదులుగా ఆడుతున్నప్పుడే పదేసి పెంచుతూ పోండి.

ఇక ఆఖరి షో. పాట సగటున 1 నిమిషం 45 సెకన్లనుకుంటే 20 పాటలకు 35 నిమిషాలు. ట్యూనింగ్, నీళ్లు, మాటలు కలిపి 45. వీడ్కోలు రోజున ఈ మాటలే కొంప ముంచుతాయి. ప్రతి పాటకీ ఎవరో ఒకరు ఏదో చెబుతారు, హాలువాళ్లు చెప్పిన టైము దాటిపోతుంది, మీరు ప్రాణం పెట్టి దాచుకున్న చివరి మూడు పాటలు ఎగిరిపోతాయి. సెట్ లిస్ట్‌లో మాటలకు రెండే చోట్లు గుర్తుపెట్టి ఉంచండి. గొంతు చించుకుని పాడాల్సినవి ముందే పెట్టండి, ఏడుపు వచ్చాక గొంతు పట్టేస్తుంది, పై స్థాయి అందదు. తీగలు ముందురోజే మార్చి బాగా లాగి ఉంచండి. అదే రోజు వేసిన తీగల శ్రుతి పాట పాటకీ దిగిపోతుంది. అమెరికా పంక్ బ్యాండ్ రమోన్స్ 1996 ఆగస్టు 6న హాలీవుడ్‌లో ఆడిన ఆఖరి షో, వాళ్ల 2,263వ షో, అందులో అతిథులు కూడా స్టేజీ ఎక్కారు. మీరూ పాత సభ్యుల్ని పిలవొచ్చు, పిలవాలి కూడా. కాకపోతే ఎవరు ఏ పాటకి, ఏ మైకు దగ్గర నిలబడతారో ముందే తేల్చండి.

ఆ షోని రికార్డ్ చేయండి. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. చిన్న హాల్లో మిక్సర్ (మైకుల శబ్దాలన్నీ కలిపే బోర్డు) నుంచి నేరుగా తీసిన రికార్డింగ్‌ని నమ్ముకోకూడదు. యాంప్‌ల (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెల) మోత స్టేజీ మీద నుంచే హాలంతా నిండుతుంది కాబట్టి సౌండ్ చూసేవాళ్లు మిక్సర్‌లో గిటార్‌ని పెద్దగా పెంచరు. ఇంటికెళ్లి వింటే గొంతూ కిక్ డ్రమ్మే వినిపిస్తాయి, గిటార్ ఎక్కడో పక్కింట్లో మోగినట్టుంటుంది. అందుకని హాల్లో మిక్సర్ దగ్గర, జనం తలల కంటే ఎత్తులో, రెండు మైకులు పెట్టి దాన్ని వేరే ట్రాక్‌గా తీసుకోండి. సౌండ్ చెక్‌లో రికార్డర్ మీటరు మీద గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేట్టు చూడండి, అసలు షోలో అందరూ ఇంకా గట్టిగా వాయిస్తారు. తర్వాత రెండు ట్రాక్‌లూ కలపాలి. శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మైకులు స్టేజీకి 10 మీటర్ల దూరంలో ఉంటే ఆ ట్రాక్ 29 మిల్లీసెకన్లు ఆలస్యం. అలాగే కలిపితే స్నేర్ డ్రమ్ దెబ్బ రెండుగా వినిపిస్తుంది. మొదటి పాటకి ముందు డ్రమ్మర్‌ చేత స్నేర్ మీద విడివిడిగా నాలుగు దెబ్బలు వేయించండి. ఆ దెబ్బల్ని ఒకదానికొకటి ఆనించి, వెనకబడిన ట్రాక్‌ని ముందుకు జరపండి.

అమెరికా బ్యాండ్ ఫుగాజీ 2002 నవంబర్ 4న లండన్‌లో ఆడాక షోలు ఆపేసింది. ఏళ్ల తరబడి షోల టేపులు దాచి ఉంచారు కాబట్టే 2011 నుంచి ఆ షోలు వందల్లో బయటికొచ్చాయి. మీ దగ్గరున్న మాస్టర్లని (అసలు రికార్డింగులని) కూడా అలాగే కాపాడండి. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ ఫైలు ఒక్కటే దాస్తే పదేళ్లకు అది తెరుచుకోకపోవచ్చు. ఒక్కో వాయిద్యాన్నీ పాట మొదటి సెకను నుంచి మొదలయ్యేలా 24 బిట్ వేవ్ ఫైలుగా తీసి, మూడు కాపీలు చేసి, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి.

డబ్బూ హక్కులూ ఒక పేజీలో రాసుకుని అందరూ సంతకం చేయండి. పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు, రెండూ విడిగా రాయాలి. బ్యాండ్ పేరు ఎవరు వాడుకోవచ్చో రాయండి. స్ట్రీమింగ్‌కి పాటలు పంపే సర్వీసుల్లో కొన్నిటికి ఏటా ఫీజు కట్టాలి. అది మీ కార్డు మీద ఉండి, ఆ కార్డు గడువు తీరితే ఆల్బమ్ మాయమవుతుంది. స్నేహితుల మధ్య కాగితాలెందుకనిపిస్తుంది. అమెరికా పంక్ బ్యాండ్ డెడ్ కెన్నెడీస్ 1986లో విడిపోయింది, రాయల్టీల తగాదా 2000లో కోర్టు తీర్పు దాకా వెళ్లింది.

సామాను గురించి రెండు మాటలు. గిటార్ పెడల్స్ (శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే డబ్బాలు) లోంచి బ్యాటరీలు తీసేయండి, కారితే సర్క్యూట్ పోతుంది. గిటార్ తీగలు పూర్తిగా ఊడదీయొద్దు, అర స్వరమో ఒక స్వరమో దించి ఉంచండి. ట్యూబ్ యాంప్‌ని ఏళ్ల తర్వాత బయటికి తీస్తే నేరుగా ఆన్ చేయొద్దు, లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. ప్లగ్ తీసినా వాటిలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు కాబట్టి మీరు విప్పకుండా మెకానిక్‌కి ఇవ్వండి.

చెవుల సంగతి ఎవరూ అడగరు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌ని 8 గంటలు భరించొచ్చు, 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. రిహార్సల్ గది 100ని సులువుగా దాటుతుంది. బ్యాండ్ మానేశాక చెవిలో కూత ఎక్కువైందని కొందరు భయపడతారు. చాలాసార్లు అది ముందునుంచీ ఉన్నదే, చుట్టూ మోత తగ్గాక బయటపడుతుంది. వినికిడి పరీక్ష చేయించుకోండి, 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య విడిగా చూడమనండి. శబ్దం వల్ల వచ్చే నష్టం మొదట అక్కడే కనిపిస్తుంది. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రాత్రి నిశ్శబ్దంలో కూత నిద్ర పట్టనివ్వకపోతే గదిలో సన్నని శబ్దం ఏదైనా, ఫ్యాన్ హోరు లాంటిది, ఉంచుకోండి.