వయోలా ద గాంబా: శ్రోతలున్నా వాయించేవారు కరువైన వాద్యం

[దృశ్యం: కుర్చీ అంచున కూర్చున్న వాద్యకారిణి. వాద్యం ఆమె రెండు పిక్కల మధ్య నిలిచి ఉంటుంది. నేలకు ఆనే ఇనుప మొన ఉండదు.]

వ్యాఖ్యాత: తెర మీద కనిపిస్తున్నది వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాద్యమైన చెల్లో కాదు. దీని పేరు వయోలా ద గాంబా. ఇంగ్లండులో వయోల్ అంటారు. పదిహేనో శతాబ్ది చివర స్పెయిన్‌లో రూపుదిద్దుకుని, ఇటలీ మీదుగా యూరప్ అంతటా వ్యాపించి, దాదాపు మూడు వందల ఏళ్లు రాజాస్థానాల్లోనూ సంపన్నుల ఇళ్లలోనూ మోగిన ఈ వాద్యం, పద్దెనిమిదో శతాబ్ది ముగిసేసరికి దాదాపుగా వాడుక తప్పిపోయింది. అలాంటి వాద్యం మీద జనానికి మళ్లీ ఆసక్తి ఎలా కలిగింది, కలిగిన ఆసక్తి దేనివల్ల నిలబడింది అన్నదే ఈ వీడియోలో చెప్పుకోబోయే విషయం.

[దృశ్యం: ఎడమచేతి వేళ్లు, మెట్లు చాలా దగ్గరగా.]

వ్యాఖ్యాత: వయోళ్లలో పెద్దదైన బాస్ వయోల్‌కు సాధారణంగా ఆరు తీగలుంటాయి. ఫ్రాన్సులో పదిహేడో శతాబ్దిలో మంద్రస్థాయిలో ఏడో తీగ కూడా చేరింది. ఆ ఘనతను సాంత్ కొలోంబ్ అనే విద్వాంసుడికి కట్టబెడతారు. తీగలు పశువుల పేగుతో చేసినవి. మన వీణ మెట్లు మైనంలో కదలకుండా కూర్చుని ఉంటాయి గానీ, ఇక్కడి మెట్లు మెడ చుట్టూ బిగించి కట్టిన పేగు ముడులే కాబట్టి, శ్రుతి కాస్త తేడాగా ఉందనిపిస్తే వాద్యకారుడు వాటిని వేలితో జరిపి సరిచేసుకుంటాడు.

[దృశ్యం: కమాను పట్టిన కుడిచేయి. అరచేయి పైకి తిరిగి ఉంటుంది.]

వ్యాఖ్యాత: ఇప్పుడు మధ్యవేలిని గమనించండి. అది కమాను వెంట్రుకలనే నేరుగా ఒత్తుతోంది. ఒక స్వరం సాగుతూ ఉండగానే ఆ ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ పోవచ్చు కనుక, ఈ వాద్యం మాటలాడినట్టు ఉంటుందని విన్నవారు అంటారు. వయొలిన్‌లో కమానును బయటికి లాగినప్పుడు బలం వస్తే, వయోల్‌లో లోపలికి తోసినప్పుడు వస్తుంది. పైచెక్క పలచన, కాయం తేలిక. నాదం చిన్నదే అయినా అనురణన ఎక్కువ. పెద్ద హాలులో చివరి వరుస దాకా అది చేరదు.

ఆ చిన్న గొంతే దీన్ని ముంచిందని సాధారణంగా చెబుతారు. బహిరంగ కచేరీలు పెరిగేకొద్దీ వయొలిన్, చెల్లో ముందుకొచ్చాయి. దక్షిణాదికి చేరి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వంటివారి చేతుల్లో పూర్తిగా మనదైపోయింది కూడా ఆ వయొలినే. ఈ వివరణ అబద్ధం కాదు గానీ, నా దృష్టిలో సగమే నిజం.

[దృశ్యం: మూత తెరిచిన పొడవాటి చెక్కపెట్టె, లోపల వేర్వేరు పరిమాణాల్లో ఆరు వయోళ్లు.]

వ్యాఖ్యాత: పదిహేడో శతాబ్ది ఇంగ్లండులో కలిగినవారి ఇంట ఇలాంటి పెట్టె ఉండేది. చిన్నవైన ట్రెబుల్ రెండు, మధ్యరకం టెనర్ రెండు, పెద్దవైన బాస్ రెండు. ఇంటివాళ్లు, వచ్చిన అతిథులు తలా ఒకటి పట్టుకుని బల్ల చుట్టూ కూర్చుని వాయించేవారు. ఓర్లాండో గిబ్బన్స్, విలియం లాస్ అనే ఇంగ్లండు స్వరకర్తలు రాసిన ఫాంటసీలు, అంటే పాట లేకుండా వాద్యాలకే రాసిన రచనలు, ఈ బృందాలకోసమే పుట్టాయి. వాటిలో ఒకరు ప్రధానం, మిగతావారు పక్కవాద్యం అన్న తేడా లేదు. అందరికీ సమానంగా పని ఉంటుంది. అంటే అది ప్రధానంగా వాయించేవారి ఆనందంకోసం రాసిన సంగీతం. మరో ఇంగ్లండు స్వరకర్త హెన్రీ పర్సెల్ 1680లో, ఇరవై ఏళ్ల వయసులో, తన ఫాంటసీలు రాసేనాటికే ఆ అలవాటు అడుగంటుతోంది.

తరువాతి శతాబ్దిలో కార్ల్ ఫ్రీడ్రిష్ ఆబెల్ సంగతి చూడండి. ఆయన గొప్ప వయోల్ విద్వాంసుడు. ప్రసిద్ధ జర్మన్ స్వరకర్త సెబాస్టియన్ బాక్ కుమారుడు యోహాన్ క్రిస్టియన్ బాక్‌తో కలిసి 1765లో లండన్‌లో చందా కచేరీలు (ముందే చందా కట్టినవారికోసం చేసే కచేరీలు) మొదలుపెట్టి, పదిహేనేళ్లకు పైగా నడిపాడు. పేరుంది, వేదిక ఉంది, డబ్బు పెట్టి వినే జనం ఉన్నారు. అయినా 1787లో ఆయన కన్నుమూశాక ఆ వాద్యానికి చెప్పుకోదగ్గ వారసులు మిగల్లేదు. వినేవారు ఎంతమంది ఉన్నా, ఇళ్లలో వాయించేవారు తరిగిపోయాక వాద్యం నిలవదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

[దృశ్యం: పాత ఇంటి ముందుగది, కొన్ని కుర్చీలు, వయోల్ బృందం.]

వ్యాఖ్యాత: పందొమ్మిదో శతాబ్ది చివర ఆర్నాల్డ్ డోల్‌మెచ్ అనే సంగీతజ్ఞుడు ఈ విషయాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. గ్రంథాలయాల్లో పడి ఉన్న వయోల్ సంగీతాన్ని వెలికితీసి, పాత వాద్యాలను బాగుచేసి, తానే కొత్తవి తయారుచేసి, ఇంట్లోవారికి నేర్పి, సొంత ఇంట్లోనే చిన్న కచేరీలు చేశాడు. బెర్నార్డ్ షా వాటిని మెచ్చుకుంటూ రాశాడు. 1925లో ఇంగ్లండులోని హాజిల్‌మియర్‌లో ఆయన పాత సంగీత ఉత్సవం మొదలైంది. 1933లో స్విట్జర్లండులోని బాజెల్‌లో పాత సంగీతానికి ప్రత్యేక పాఠశాల ఏర్పడింది. అక్కడ ఔగుస్ట్ వెన్‌ట్సింగర్ దగ్గర నేర్చుకున్నవారిలో జోర్డీ సావాల్ ఒకరు.

సామాన్య ప్రేక్షకుడికి వయోల్ తెలిసింది మాత్రం సినిమా వల్లనే. సాంత్ కొలోంబ్, ఆయన శిష్యుడు మారాన్ మారేల కథతో 1991లో వచ్చిన ఫ్రెంచి చిత్రం ‘తూ లే మటాన్ దు మోంద్’కు సంగీతం సావాల్‌దే, ఆ చిత్రానికి ఉత్తమ చిత్రంతో సహా ఫ్రెంచి సినిమాలకిచ్చే సేజార్ అవార్డులు ఏడు వచ్చాయి. దాని విజయంలో ఒక సాంకేతిక కారణం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. మైకు వాద్యానికి అడుగు దూరంలో ఉంటే చిన్న గొంతు లోపం కానే కాదు. కమాను తీగను పట్టుకునే ఆ తొలి గరగర కూడా చెవికి అందుతుంది. వయోల్ గురించి వీడియోలు తీసేవారు రాజభవనాల వైభవం చూపించడం తగ్గించి, మైకును దగ్గరికి జరిపితే మేలు.

[దృశ్యం: కచేరీ ముగిశాక శ్రోతలు వేదిక దగ్గరికి వస్తారు. ఒకామె కమాను పట్టుకుని చూస్తుంది.]

వ్యాఖ్యాత: అయితే విని మురిసినవారు ఆ తరువాత ఏం చేయాలి? చేత్తో చేసిన వయోల్ కొనాలంటే వేల డాలర్లు అవుతుంది. ఈ అడ్డంకిని దాటించేవి 1948లో బ్రిటన్‌లో, 1962లో అమెరికాలో ఏర్పడిన వయోలా ద గాంబా సంఘాలవంటివే. అమెరికా సంఘం సభ్యులకు వాద్యాలను అద్దెకిస్తుంది; ఏటా వేసవిలో వారంపాటు జరిగే సమావేశంలో కొత్తగా పట్టుకున్నవారినీ ఆరితేరినవారినీ వారివారి స్థాయి బృందాల్లో కూర్చోబెడుతుంది. మెట్లు ఉన్నందువల్ల స్వరస్థానం త్వరగా దొరుకుతుంది. నెమ్మదైన భాగాలతో పెద్దవయసువారు కూడా బృందంలో కలవగలరు. ఒక కచేరీకి వెయ్యిమందిని రప్పించడం కంటే పదిమందికి అద్దె వాద్యం, ఒక ఉపాధ్యాయుడు, నెలకోసారి కలిసే గది ఏర్పాటు చేయడమే సరైన ప్రచారమని నేను భావిస్తాను. కొత్త రచనలు కూడా కావాలి: ఫ్రెట్‌వర్క్ అనే ఇంగ్లండు బృందంకోసం స్వరకర్త జార్జ్ బెంజమిన్ 1990లో ఐదు వయోళ్లకూ ఒక గాయనికీ కలిపి రాసిన కృతి వంటివి.

అమెరికాలో ఉన్న తెలుగువారిలో ఎవరికైనా ఆసక్తి కలిగితే, ముందు దగ్గరలోని వయోల్ బృందాన్ని వెతికి, ఒకసారి వెళ్లి కూర్చుని చూసి, ఆ తరువాతే వాద్యం అద్దెకు తీసుకోండి. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నవారికి మెట్లు కొత్తకాదు. కమాను పట్టు మాత్రం మొదటినుంచీ గురువు దగ్గరే నేర్చుకోవాలి.